పరిగెట్టింది కొండా, నేనా సార్?

శ్రీకాకుళం జిల్లా నుంచి బడిలో ఆటలు నేర్పే ఒక పీడీ మాస్టారు ఏడు పేజీల ఉత్తరం రాశారు. తన పేరు, బడి పేరు వేయొద్దన్నారు. మండలం పేరు నేనే తీసేశాను. మహేంద్రగిరి కింద ఒక ఊరు అనుకుంటే చాలు.

సంగతి ఇది. పదహారేళ్ల సవర అమ్మాయి ఒకతి నాలుగేళ్లుగా ఆయన దగ్గర పరుగు నేర్చుకుంటోంది. హాస్టల్లో ఉంటుంది. పొద్దున్న నాలుగున్నరకే లేచి, ధనుర్మాసం మంచులో కూడా గ్రౌండ్‌కి వచ్చేది. ఈ ఏడాది 1500 మీటర్లలో జిల్లా ఫస్టు వచ్చింది, రాష్ట్ర పోటీల్లో నాలుగో స్థానం. అదే బడిలో టౌను నుంచి వచ్చే ఇంకో అమ్మాయి 800 మీటర్లలో రాష్ట్రంలో ఐదోది. ఇద్దరి గురించీ కలిపి ఒక పత్రిక జిల్లా పేజీలో వార్త వచ్చింది. రాసిన విలేకరి మాస్టారి పాత విద్యార్థే.

వార్తలో టౌను అమ్మాయికి ‘పట్టుదల’, ‘క్రమశిక్షణ’, ‘పక్కా ప్రణాళిక’ దక్కాయి. సవర అమ్మాయి శీర్షికలోనే ‘అడవి జింక’ అయింది. లోపల ‘కొండకోనల్లో పుట్టిన బిడ్డకి పరుగు నేర్పాలా’ అని ఒక వాక్యం. దాని కిందే కోచ్ మాట: ‘గిరిజనుల రక్తంలోనే స్టామినా ఉంటుంది.’ ఆ మాట మాస్టారిదే. బస్సులో ఉండగా ఫోన్ వస్తే, మంచి మాట చెబుదామని అన్నారట.

మర్నాటి నుంచి ఆ అమ్మాయి గ్రౌండ్‌కి రాలేదు. మూడో రోజు ఈయనే హాస్టల్‌కి వెళ్తే, గుమ్మం దగ్గర నిలబడి “పరిగెట్టింది కొండా, నేనా సార్?” అని, ఇంకో మాట లేకుండా లోపలికి వెళ్లిపోయింది. హాస్టల్ పిల్లలు ‘ఏటే జింకా’ అని పిలుస్తున్నారని తర్వాత తెలిసింది. వాళ్లమ్మ మాత్రం ఆ పేపరు ముక్కని ల్యామినేషన్ చేయించి గోడకి తగిలించుకుంది.

ఇది చాలదన్నట్టు ఒక దాత ఆ పిల్ల తిండికి నెలకి నాలుగు వేలు ఇస్తానన్నారు. మధ్యలో ఉన్న యూట్యూబ్ చానెల్ కుర్రాడు ముందు ఒక వీడియో తీయాలన్నాడు. గిరిజన చీరకట్టు, కొండదారి, కాళ్లకి ఏమీ లేకుండా పరుగు. “పరుగు బూట్లు, స్పైక్స్, నా జీతంలోంచి కొన్నానండి. అవి విప్పించీమంటున్నాడు” అని రాశారు.

తను అన్నదాంట్లో అంత తప్పుందా, విలేకరి చేత సవరణ వేయించాలా, వీడియోకి ఒప్పుకోవాలా అని అడిగారు. ఆ పిల్ల మళ్లీ ట్రాక్ ఎక్కుతుందా అన్నది చివరి ప్రశ్న.

మాస్టారూ, నమస్కారం.

మీరు ప్రశ్నగా అడగని వాక్యం ఒకటి ఐదో పేజీలో ఉంది. ముందు దాని దగ్గరికి వెళ్దాం. రాష్ట్ర పోటీల్లో ఆమె మొదటి ల్యాప్ 74 సెకన్లలో కొట్టిందనీ, మూడో ల్యాప్‌కి 90 పట్టిందనీ, చివర్లో ముగ్గురు దాటిపోయారనీ చెప్పారు. వెంటనే “దానికి ల్యాప్ టైములు నేనెప్పుడూ చెప్పలేదండి, అవసరం లేదనుకున్నాను” అని రాసి పక్క సంగతికి వెళ్లిపోయారు. టౌను అమ్మాయికి మాత్రం రోజూ స్టాప్‌వాచ్ పట్టుకుని చుట్టు చుట్టుకీ టైము చెప్పేవారని అంతకు ముందు పేజీలో మీరే రాశారు.

1500 మీటర్లంటే 400 మీటర్ల ట్రాక్ మీద మూడు ముప్పావు చుట్లు. అందులో ఊపిరి ఎంతో లెక్క అంత, ఇది మీకు నేను చెప్పేదేం కాదు. ఆ లెక్క ఒక పిల్లకి నేర్పి ఇంకో పిల్లకి ఎందుకు నేర్పలేదు? జీతం డబ్బుతో స్పైక్స్ కొనిచ్చిన మనిషికి ఆమె మీద చిన్నచూపు ఉందని నేననను. ‘దీనికి పుట్టుకతోనే వచ్చేసింది’ అని మీరు నిజంగా నమ్మారు. వచ్చేసినదాన్ని ఎవరు మాత్రం నేర్పుతారు? బస్సులో ఫోన్ మీద మీరన్న మాట అప్పటికప్పుడు నోట్లోంచి జారింది కాదు, నాలుగేళ్లుగా మీ గ్రౌండ్‌లో నడుస్తున్నదే. ఆ అమ్మాయి కోపం అచ్చంగా పేపరు మీదేనా అని నాకు అనుమానం.

‘మెచ్చుకున్నానే గానీ తిట్టలేదు కదా’ అన్నారు. జాతి వివక్ష అనగానే మనందరికీ గుర్తొచ్చేది తిట్టే. 2021 జనవరిలో సిడ్నీ టెస్టులో బౌండరీ దగ్గరున్న మన సిరాజ్‌ని గ్యాలరీలోంచి కొందరు నోటికొచ్చినట్టు అన్నారు. ఆట ఆగింది, ఆరుగురిని స్టేడియం బయటికి పంపించారు. అప్పుడు ఇక్కడ మనకి రక్తం మరిగింది. మళ్లీ అదే ఏడాది ఆగస్టులో, ఒలింపిక్స్‌లో హ్యాట్రిక్ కొట్టిన మన మొదటి హాకీ అమ్మాయి వందన కటారియా ఇంటి ముందు, సెమీఫైనల్ ఓడిపోయామని టపాకాయలు కాల్చి కులం పేరుతో తిట్టిందీ మనవాళ్లే. సరే, తిట్టుని గుర్తుపట్టడానికి పెద్ద కష్టపడక్కర్లేదు. మెచ్చుకోలులో దాక్కున్నదే దొరకదు.

దాన్ని ఒకసారి లెక్కపెట్టారు. 2020లో రన్‌రిపీట్ అనే డెన్మార్క్ సంస్థ, ఇంగ్లండ్‌లోని ప్రొఫెషనల్ ఫుట్‌బాలర్ల సంఘంతో కలిసి, యూరప్ లీగుల్లోని 80 మ్యాచ్‌ల ఇంగ్లీషు కామెంటరీ విని, రెండు వేలకు పైగా వ్యాఖ్యల్ని విడదీసి చూసింది. తెలివి గురించిన పొగడ్తల్లో అరవై శాతానికి పైగా తెల్లగా ఉన్న ఆటగాళ్లకే వెళ్లాయి. కష్టపడే గుణం గురించి కూడా అంతే. ఒంటి బలం మాట వచ్చేసరికి అది నల్లటి ఆటగాడి గురించి అయ్యే అవకాశం ఆరున్నర రెట్లు, వేగం అయితే మూడు రెట్లు పైనే. ఆ కామెంటేటర్లలో ఎవరూ ఎవర్నీ తిట్టలేదు. ఇప్పుడు మీ జిల్లా పేజీ వార్తని పక్కన పెట్టి చదవండి. పట్టుదల, ప్రణాళిక ఒకరికి. రక్తం, కొండ, జింక ఇంకొకరికి. మీ విలేకరి కుర్రాడు ఆ కామెంటరీ విని ఉండడు. అయినా అదే పాఠం అప్పజెప్పాడు.

ఆ కుర్రాణ్ని మరీ దులపలేను కూడా. నేను ఒక పత్రిక స్పోర్ట్స్ డెస్కులో పదకొండేళ్లు పనిచేశాను. రాత్రి పదకొండుకి ఎడిషన్ వదలాలి, జమైకా వాడు గెలిచాడు, చెయ్యి దానంతటదే ‘నల్ల చిరుత’ అని కొట్టేసేది. చిరుత పొద్దున్నే లేచి ప్రాక్టీసు చేయదన్న ఆలోచన ఒక్కసారి కూడా రాలేదు.

మీ జిల్లా మనిషి సంగతే తీసుకోండి. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో వెయిట్‌లిఫ్టింగ్‌లో కాంస్యం తెస్తే ఆమెని ఉక్కు మహిళని చేసేశాం. స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు. ఆ రోజు స్వర్ణానికీ రజతానికీ కూడా సరిపోయింది 242.5 కిలోలే. ఆఖరి ప్రయత్నంలో ఆమె ముందు పెట్టించుకున్న బరువు 137.5. ఎత్తగలిగితే స్వర్ణం, లేకపోతే కాంస్యం. ఎంత పెట్టించాలో తేల్చుకున్న ఆ కొద్ది నిమిషాల్లో ఎంత లెక్క, ఎంత గుండె ఉండి ఉంటాయి! మనం రాసుకున్నది ఉక్కు గురించి. ఆమెది జాతి విషయం కాదు, నాకు తెలుసు. కానీ ఒంటిని పొగిడి బుర్రని వదిలేసే అలవాటు ఎక్కడిదో కాదని చెప్పడానికి ఆ మాత్రం చాలు.

దీనివల్ల నష్టమేంటి అని మీరనొచ్చు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్ అని ఒక స్థానం ఉంది. ఆటని నడిపేవాడు, ఎప్పుడు ఎవరికి బంతి ఇవ్వాలో తేల్చేవాడు. నల్లవాళ్లు పరుగెత్తడానికి పనికొస్తారు, ఇది ఆలోచించే చోటు అని చాలా ఏళ్లు వాళ్లని అక్కడ నిలబెట్టేవారు కాదు. వారెన్ మూన్ అనే కుర్రాడు కాలేజీ ఆటలో క్వార్టర్‌బ్యాక్‌గా పెద్ద మ్యాచ్ గెలిపించి వస్తే, 1978లో అక్కడి పెద్ద లీగు ఎన్ఎఫ్ఎల్‌లో జట్టు ఒక్కటీ అతన్ని ఎంచుకోలేదు. కెనడా పోయి అక్కడ వరసగా ఐదు టైటిళ్లు గెలిచాక గానీ వీళ్లకి కనబడలేదు.

అంత దూరం ఎందుకు, మన సిద్దీల సంగతి ఉంది. కర్ణాటకలో, గుజరాత్‌లో ఉంటారు, పూర్వీకులు ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్లు. 1980ల చివర్లో స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా వాళ్ల పిల్లల్ని ఏరి తీసుకెళ్లి అథ్లెటిక్స్ నేర్పించింది. రక్తం ఆఫ్రికాది కాబట్టి ఒలింపిక్ పతకాలు వస్తాయన్నది ఆశ. కొందరు జాతీయ స్థాయిలో గెలిచారు కూడా. 1990లు వచ్చిన కొద్ది కాలానికే అది ఆగిపోయింది, పిల్లలు ఇళ్లకి తిరిగొచ్చేశారు. పుట్టుకతో వచ్చిందని తీసుకెళ్లినవాళ్లని, అనుకున్నది రాకపోతే అంతే తేలిగ్గా వదిలేయొచ్చు. మీ అమ్మాయికి పదహారేళ్లకే అది అర్థమైందనిపిస్తోంది.

‘కొండ పిల్లలకి ఊపిరి ఎక్కువ ఉండడం నిజమే కదా’ అని కూడా రాశారు. చిన్నప్పటినుంచీ ఎక్కీ దిగీ నడిచిన కాళ్లకి ఆ నడక పనికొస్తుంది, కాదనను. అది రోజూ చేసిన పని మాస్టారూ, రక్తం కాదు. కెన్యాలో పరుగు వీరులు తయారయ్యే ఇటెన్ ఊరు దాదాపు 2400 మీటర్ల ఎత్తున ఉంది. మన మహేంద్రగిరి శిఖరమే 1500 మీటర్లు, మనుషులుండే ఊళ్లు దానికి ఎంతో కింద. ఇంకో చిన్న మాట. కొండ మీద పుట్టిన పిల్లలంతా పరుగెత్తేవాళ్లయితే మీ హాస్టల్లో మిగతావాళ్లంతా ఏమయ్యారు? నాలుగున్నరకి లేచింది ఈమె ఒక్కతే కదా.

ఇక మీరు చేయగలిగినవి.

అమ్మాయితో మాట్లాడడం మొదటిది, కష్టమైనదీ అదే. ఏమీ అనకుండా కొన్నాళ్లు ఆగితే తనే వస్తుందని మీ ఆవిడ అన్నారట. రావచ్చు. పిల్లలు మర్చిపోతారు, లేదా మర్చిపోయినట్టు ఉంటారు. అప్పుడు మీ దగ్గర పరుగెత్తే పిల్ల ఉంటుంది గానీ, మీతో మాట్లాడే పిల్ల ఉండకపోవచ్చు. రెండోది, వెళ్లి తప్పు ఒప్పుకోవడం. అలా అయితే పేపరు గురించి మాత్రమే చెప్పి వచ్చేయకండి, ల్యాప్ టైముల సంగతి కూడా చెప్పండి. “నీకు నేర్పాల్సింది నేర్పలేదు, రాష్ట్ర మీట్‌లో ఆ మూడో ల్యాప్ తప్పు నాది” అనండి. మాస్టారు నోట అది వినడం ఆ పిల్లకి కొత్తగా ఉంటుంది, మీకు అనడం ఇంకా కొత్త. విన్నాక కూడా ఆమె రాకపోవచ్చు. పరుగు మానేస్తే మానేసే హక్కు ఆమెకుంది. క్షమాపణ చెబుతూ సెలక్షన్స్ తేదీ మాత్రం గుర్తుచేయకండి, అది బేరంలా వినిపిస్తుంది.

విలేకరి విషయం. సవరణ అడగొచ్చు. ఎడిటర్‌కి రాసి, అక్కడ పని జరక్కపోతే ప్రెస్ కౌన్సిల్‌కి వెళ్లే దారీ ఉంది. దినపత్రిక అయితే వార్త వచ్చిన రెండు నెలల్లోపు ఫిర్యాదు పెట్టాలి. వాళ్లు హెచ్చరించగలరు, తప్పుపట్టగలరు, జరిమానా వేయలేరు. కానీ మీ విషయంలో ఒక చిక్కుంది. ఆ వార్తలో అన్నిటికంటే చెడ్డ వాక్యం మీది. మీరు అనలేదని చెప్పలేరు. పైగా ‘అడవి జింక అన్నందుకు చింతిస్తున్నాం’ అని నాలుగు లైన్లు వేస్తే, మర్చిపోయిన పిల్లలకి కూడా హాస్టల్లో మళ్లీ గుర్తొస్తుంది. నేనైతే ఆ కుర్రాణ్ని టీకి పిలుస్తాను. శీర్షిక పెట్టింది అతను కాకపోవచ్చు, అది సాధారణంగా డెస్కు పని. రెండు పేరాలూ పక్కపక్కన పెట్టి చదివించండి, మీ మాటని కూడా వదలకుండా. ఈసారి రాసేటప్పుడు ఆమె వారానికి ఎన్ని కిలోమీటర్లు పరుగెత్తుతుందో, టైము ఎంత తగ్గించుకుందో రాయమనండి. వింటాడని గ్యారంటీ లేదు. వాడికీ పైనుంచి ‘ఏదైనా హ్యూమన్ యాంగిల్ ఉందా’ అని ఫోన్ వస్తుంది.

హాస్టల్ పిలుపుల గురించి ఎక్కువ రాయను. వార్డెన్‌తో మెల్లగా చెప్పించండి. ‘ప్రేమగానే పిలుస్తున్నాం’ అంటారు. వెస్టిండీస్ కెప్టెన్ డారెన్ సామీ సన్‌రైజర్స్ హైదరాబాద్‌కి ఆడినప్పుడు తోటివాళ్లు ‘కాలూ’ అనేవారు. బలమైన గుర్రం అని అర్థం అనుకుని నవ్వుకున్నాడు. అసలర్థం ‘నల్లోడు’ అని 2020లో తెలిసింది. తర్వాత వాళ్లలో ఒకతను ఫోన్ చేసి ప్రేమతోనే అన్నామని చెప్పాడు, సామీ ఒప్పుకున్నాడు. ఒప్పుకోవడం అతని పెద్దరికం. మీ అమ్మాయి అంత పెద్దరికం చూపించాల్సిన పనిలేదు. అలాగే, పిల్లల ఆటపట్టింపు వేరు, ఎవరైనా పెద్దవాళ్లు నలుగురిలో తెగ పేరు ఎత్తి అవమానించడం వేరు. అలాంటిది జరిగితే 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. అప్పుడు మాత్రం ఊరి పెద్దల రాజీకి ఒప్పుకోకండి.

వీడియో దగ్గర నాకు మీ మీద కొంచెం కోపం వచ్చింది. ఆమెనడగకుండా, ఒప్పుకోవాలా వద్దా అని నన్ను అడుగుతున్నారు! నెలకి నాలుగు వేలంటే గుడ్లు, పాలు, పల్లీలు. దాన్ని తేలిగ్గా వదులుకోమని ఊళ్లో కూర్చుని నేను చెప్పలేను. వద్దంటే ఆ డబ్బు పోవచ్చు, వాళ్లమ్మ మిమ్మల్నే అనొచ్చు. సరేనంటే, ఆ వీడియో ఫోన్లలో ఏళ్ల తరబడి తిరుగుతుంది. రేపు ఆమె పీడీ అయినా, పోలీసు అయినా, కాళ్లకి చెప్పుల్లేని జింకగానే కనిపిస్తుంది. నాకు తోచిన మధ్య దారి ఒకటుంది. ఆ కుర్రాణ్ని పక్కనపెట్టి దాతతో మీరే నేరుగా మాట్లాడండి. చెప్పులు విప్పించమని ఆయన అన్నాడని మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. చాలామంది దాతలు అడిగేది తమ డబ్బు ఎక్కడికి పోయిందన్నదే. నెలనెలా ఆమె టైములు పంపిస్తానంటే సంతోషించవచ్చు. అయినా వీడియో కావాలంటే గ్రౌండ్‌లో, ట్రాక్ సూట్‌లో, స్పైక్స్ వేసుకుని, ఆమె మాట్లాడుతూ ఉండేలా తీయమనండి. ఆ సంగతి కూడా ముందు ఆమెకీ వాళ్లమ్మకీ చెప్పి, ఇద్దరూ సరేనన్నాకే. సవర చీర కట్టుకుంటానని తనే అంటే అది ఆమె ఇష్టం, మీరు అడ్డుపడొద్దు. ఆ చీరలో అవమానం ఏమీ లేదు. కట్టుకో అని కెమెరా అతను చెప్పడంలోనే ఉంది.

గోడ మీద ల్యామినేషన్ తీయించేయమంటారా అని కూడా అడిగారు. దాని జోలికి వెళ్లకండి. వాళ్లమ్మ దాంట్లో శీర్షిక చదవలేదు, కూతురి ఫొటో చూసుకుంది.

మీ బల్ల సొరుగులో రెండో స్టాప్‌వాచ్ ఒకటి పనిచేస్తూనే ఉందని రాశారు కదా. హాస్టల్‌కి వెళ్లేటప్పుడు దాన్నీ, రాష్ట్ర మీట్‌లో మీరు రాసుకున్న నాలుగు అంకెల కాగితాన్నీ తీసుకెళ్లండి. 74 తర్వాత 90 ఎందుకైందో ఆమెనే అడగండి. మీకంటే బాగా చెబుతుందని నా నమ్మకం.